సర్కారు బడి మరమ్మతులకు, కంప్యూటర్లకు నిధులు తెచ్చుకోవడం ఎలా? నల్గొండ, పాలమూరు ఊళ్ల బడుల కోసం

జూన్‌లో మొదటి వాన పడిందంటే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది. "మా బడి స్లాబు కారుతోంది, ఎవరిని అడగాలి?" దేవరకొండ వైపు హెడ్మాస్టర్ అడిగినా, కొల్లాపూర్ దగ్గర యువజన సంఘం వాళ్లు అడిగినా, మక్తల్ నుంచి హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న పూర్వ విద్యార్థి అడిగినా చెప్పాల్సింది దాదాపు ఒకటే. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. "మా బడిని అభివృద్ధి చేయండి" అని అర్జీ పెడితే ఎవరి దగ్గరా పైసా రాదు. అలాంటి పద్దు ఏ ఆఫీసులోనూ లేదు. స్లాబు ఒక పద్దు, ప్రహరీ గోడ ఇంకో పద్దు, బాత్రూంకు నీళ్లు మరోటి, కంప్యూటర్లు వేరే. బడిని పనులుగా విడగొట్టి, ఒక్కో పనికి డబ్బు ఉన్న జేబు ఏదో చూసుకుని, ఆ జేబునే అడగాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- బడి యూడైస్ కోడ్, అంటే దేశంలో ప్రతి బడికీ ఉండే 11 అంకెల గుర్తింపు నంబరు. ఇది లేకుండా ఏ కాగితమూ ముందుకు కదలదు.
- ఈ ఏడాది యూడైస్ ప్లస్‌లో (బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) నింపిన వివరాల ప్రింటు
- బడి స్థలం కాగితాలు: సర్వే నంబరు, విస్తీర్ణం, దానంగా ఇచ్చిన స్థలమైతే రిజిస్టరైన గిఫ్ట్ డీడ్
- బడి కమిటీ తీర్మానాల రిజిస్టరు
- లొకేషన్, తేదీ పడేలా తీసిన ఫొటోలు. ఫోన్లో జీపీఎస్ కెమెరా యాప్ వేసుకుంటే సరిపోతుంది.
- బడి బ్యాంకు ఖాతా వివరాలు, ఎవరెవరు జాయింటుగా సంతకం పెట్టాలో ఆ పేర్లు
- ఇంజినీరు వేసిన ఎస్టిమేట్. ఇది 3వ మెట్టులో తెచ్చుకుంటారు.

1. బడంతా తిరిగి పనుల చిట్టా రాయండి

ఇద్దరు తల్లులను, ఊళ్లో మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. మేస్త్రీ లేకుండా తిరిగితే కంటికి కనిపించే సున్నం, రంగులే చిట్టాలోకి ఎక్కుతాయి. అసలు రోగం పైన ఉంటుంది.

స్లాబు మీదికి ఎక్కి మూడు చూడండి. వాన నీళ్లు దిగే గొట్టాలు ఆకులతో మూసుకుపోయాయా? పిట్టగోడ సందుల్లో రావి మొక్కలు మొలిచాయా? ఎక్కడైనా నీళ్లు నిలిచిన మచ్చలున్నాయా? మన దగ్గర కారే స్లాబుల్లో చాలావాటికి మొదటి కారణం ఈ మూసుకుపోయిన గొట్టాలే. అదే అయితే లక్షల పని అక్కర్లేదు, ఒక కూలీ మనిషి ఒక పూట చేస్తే తీరిపోతుంది. రావి మొక్కను మాత్రం పైపైన కోసి వదిలేయకండి, మళ్లీ వస్తుంది. వేరుదాకా తవ్వి తీసి ఆ సందును సిమెంటుతో పూడ్పించాలి.

తర్వాత కిందికొచ్చి పొడవాటి కర్రతో స్లాబు అడుగును తట్టండి. గట్టిగా 'ఠక్' మంటే ఫర్వాలేదు. డొల్లగా మోగితే లోపల పెచ్చు విడిపోయినట్టే. పెచ్చులు ఊడి చువ్వలు బయటపడి, వాటి మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటే అది సున్నం వేసి దాచే పని కాదు. ఆ గదికి ఆ రోజే తాళం వేయండి. పిల్లలను చెట్టుకింద కూర్చోబెట్టినా సరే. తాళం వేసినట్టు ఎంఈఓకు (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా తెలపండి.

ఇప్పుడు చిట్టాను మూడు వరసలుగా రాయండి: ప్రాణానికి ముప్పున్నవి, చదువు ఆగిపోయేవి, ఉంటే బాగుండేవి. వేలాడే కరెంటు తీగ మొదటి వరస. ఆడపిల్లల బాత్రూంకు నీళ్లు లేకపోవడం రెండో వరస. రంగులు, గేటు మీద బోర్డు మూడో వరస. చాలా ఊళ్లలో దాతలు మూడో వరసతోనే మొదలుపెడతారు, గోడ మీద పేరు కనిపిస్తుంది కదా! వాళ్లను నొప్పించకుండా మొదటి వరసకు మళ్లించడం మీ నేర్పు.

2. యూడైస్‌లో ఏముందో చూసి సరిచేయించండి

నిధుల విషయంలో అందరూ బోల్తా పడేది ఇక్కడే. సమగ్ర శిక్ష అనే కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి పథకం కింద గదులు, మరమ్మతులు, కంప్యూటర్ ల్యాబులు మంజూరు చేసేవాళ్లు మీ బడిని కళ్లతో చూడరు. యూడైస్ ప్లస్‌లో ఏముంటే అదే చూస్తారు. పీఎంశ్రీ (కేంద్రం ఎంపిక చేసి ఆదర్శ బడులుగా తీర్చిదిద్దే పథకం) బడుల ఎంపిక కూడా ఆ వివరాలతోనే మొదలైంది.

తరచూ కనిపించే తప్పులు ఇవి:

- కూలిపోయిన గదిని కూడా వాడుకలో ఉన్న గదిగానే చూపించడం. కాగితం మీద అయిదు గదులు, అసలు మూడు. ఇక కొత్త గది ఎవరిస్తారు?
- బాత్రూం ఉంది కానీ నీళ్లు లేవు. అయినా "పనిచేస్తోంది" అని టిక్కు పెట్టడం.
- పాడై మూలన పడ్డ కంప్యూటర్లను పనిచేస్తున్నవాటి లెక్కలో చూపడం.
- "పెద్ద మరమ్మతు", "చిన్న మరమ్మతు" గడులు ఖాళీగా వదిలేయడం.

పరువు కోసం అన్నీ బాగున్నాయని రాసి, మళ్లీ నిధులు రాలేదని బాధపడితే లాభం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయండి. మార్పులకు మీ సీఆర్పీని (మీ బడుల క్లస్టరును చూసే రిసోర్స్ పర్సన్‌ను), మండల వనరుల కేంద్రంలో బడుల డేటా చూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌ను కలవండి. మార్చాక ప్రింటు తీసుకుని ఆ గడి నిజంగా మారిందో లేదో చూసుకోండి. "చేసేశాం సార్" అంటే నమ్మి వచ్చేయకండి.

శిథిలమైన గది విషయంలో ఒక హెచ్చరిక. కమిటీ సొంతంగా కూల్చేయకూడదు. ఇంజినీరు వచ్చి చూసి, వాడుకకు పనికిరాదని రాసిచ్చాక, పై అధికారుల అనుమతితోనే కూల్చాలి. పాత తలుపులు, ఇనుము, బండలకు వేలం వేసి ఆ డబ్బు లెక్కలో చూపించాలి. ఇలా చేయకపోతే బడి ఆస్తి అమ్ముకున్నారన్న మాట మీ మీదకొస్తుంది.

3. ఎస్టిమేట్ వేయించండి

మేస్త్రీ చెప్పిన రేటు దాతకు సరిపోవచ్చు, ప్రభుత్వానికి సరిపోదు. పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గానీ, విద్యాశాఖ భవనాలు చూసే ఇంజినీరింగ్ విభాగం ఏఈ గానీ వచ్చి కొలిచి వేసిన అంచనానే కావాలి. ఎంఈఓ ద్వారా లేఖ రాయించి, ఏఈ వచ్చిన రోజు మీ చిట్టా చేతికివ్వండి.

అన్ని పనులకూ కలిపి ఒకే ఎస్టిమేట్ వద్దు. స్లాబు, కరెంటు, బాత్రూం, ప్రహరీ, దేనికది విడిగా వేయించుకోండి. ఒకే కాగితంలో మొత్తం పెద్దదై కనిపిస్తే ఇవ్వగలిగినవాడు కూడా వెనక్కి తగ్గుతాడు. విడివిడిగా ఉంటే ఒక్కోటి ఒక్కొక్కరు తీసుకుంటారు.

4. ఏ పనికి ఏ జేబు?

కాంపోజిట్ స్కూల్ గ్రాంట్. సమగ్ర శిక్ష నుంచి పిల్లల సంఖ్యను బట్టి ఏటా వచ్చే డబ్బు:

- 30 మంది వరకు: 10,000
- 31 నుంచి 100: 25,000
- 101 నుంచి 250: 50,000
- 251 నుంచి 1,000: 75,000
- 1,000 దాటితే: 1,00,000

ఇందులో కనీసం 10 శాతం శుభ్రతకు ఖర్చు పెట్టాలి. 86 మంది పిల్లలున్న బడికి 25,000 వస్తే అందులో 2,500 ఫినాయిల్, చీపుర్లు, సబ్బులు, బాత్రూం నల్లాల మరమ్మతు లాంటివాటికి. మిగతాదాంట్లోనే చాక్‌పీసులు, రిజిస్టర్లు, బల్బులు, పగిలిన నల్లాలు. డబ్బు విడతలుగా వస్తుంది, ఒక్కోసారి ఏడాది చివర్లో వస్తుంది. దీంతో స్లాబు బాగు చేయిద్దామనుకోవద్దు. గొట్టాలు శుభ్రం చేయించడం, రావి మొక్కలు తీయించడం, స్విచ్ బోర్డు మార్పించడం వరకు హాయిగా సరిపోతుంది. అసలు ఈ చిన్న పనులు ఏటా చేయిస్తే పెద్ద మరమ్మతు ఏళ్ల తరబడి రాదు.

ఇక్కడ పాలమూరు బడులకు ఒక మాట. వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు రికార్డు నుంచి జారిపోతే బడి 31 నుంచి 29కి పడి, గ్రాంటు 25,000 నుంచి 10,000కు దిగుతుంది. తాత నాయనమ్మల దగ్గర ఉండి బడికొస్తున్న పిల్లలందరూ నమోదయ్యారో లేదో చూసుకోండి. లేని పిల్లలను రాయమని మాత్రం అనడం లేదు.

అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ. 2024 నుంచి తాగునీరు, బాత్రూంలు, కరెంటు, చిన్న మరమ్మతుల పనులు ఈ కమిటీల చేతికొచ్చాయి. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయులు మెంబర్ కన్వీనర్. అంతకుముందు, 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన 'మన ఊరు - మన బడి'లో 12 రకాల పనులను పాఠశాల యాజమాన్య కమిటీలు చేయించాయి. మీ బడిలో అప్పుడు సగంలో ఆగిన పని ఏదైనా ఉంటే అదే పనికి కొత్త ఎస్టిమేట్ వేయించే ముందు పాత ఎం.బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఎంతవరకు రాశారో ఏఈని అడగండి. ఒకే పని రెండు పథకాల్లో కనిపిస్తే రెండూ ఆగుతాయి.

పంచాయతీ. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలనే షరతుతో వస్తుంది. కాబట్టి బాత్రూం మరమ్మతు, నీళ్ల ట్యాంకు, సోక్ పిట్ (ఇంకుడు గుంత), మురుగు కాలువ లాంటివి సర్పంచ్‌తో మాట్లాడి గ్రామసభ తీర్మానంలోనూ, పంచాయతీ ప్రణాళికలోనూ పెట్టించండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు మండలాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అక్కడ బడికి తాగునీటి బోరు అడగకండి, మిషన్ భగీరథ కనెక్షన్ అడగండి. బోరు నీళ్లు బాత్రూంకు, చెట్లకు.

ఉపాధి హామీ. 'మన ఊరు - మన బడి'లో ప్రహరీ గోడలు, వంటగది షెడ్లు, బాత్రూంల డబ్బు ఉపాధి హామీ నుంచే వచ్చింది. మీ పని ఇప్పుడు ఆ జాబితాలో పెట్టొచ్చా అని ఎంపీడీఓ ఆఫీసులో అడిగి, వీలుంటే గ్రామసభలో చేర్పించండి. ప్రహరీ అడిగే ముందు హద్దులు కొలిపించుకోవడం మరవకండి. పక్క రైతు అభ్యంతరం చెబితే పునాది తవ్విన రోజే పని ఆగుతుంది.

ఎమ్మెల్యే, ఎంపీ నిధులు. ఎంపీకి ఏటా 5 కోట్లు ఉంటాయి. అందులో కనీసం 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా ఉండే చోట ఖర్చు పెట్టాలి. మీది తండా బడి అయినా, ఎస్సీ కాలనీ బడి అయినా ఆ సంగతి అర్జీ మొదటి వాక్యంలోనే రాయండి. ఈ నిధులు నిలిచి ఉండే ఆస్తుల కోసం పెట్టినవి. కొత్త గది, ప్రహరీ, కంప్యూటర్లు అడగండి. సున్నాలకు, పగిలిన కిటికీలకు అడిగితే పక్కన పెడతారు. ఎంపీ సిఫారసు చేశాక ఫైలు కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి దగ్గరికి వెళ్తుంది. సిఫారసు లేఖ కాపీ తెచ్చుకుని పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. అసలు నడక అక్కడి నుంచే మొదలు.

ఖనిజ నిధి. జిల్లా మినరల్ ఫౌండేషన్ గురించి అడిగేవాళ్లు తక్కువ. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ఇవి ఏర్పడ్డాయి. గనుల వల్ల ప్రభావితమైన ఊళ్లలో ఖర్చు పెట్టాలి, విద్య ముఖ్య ప్రాధాన్యాల్లో ఒకటి. హుజూర్‌నగర్, మఠంపల్లి, దామరచర్ల వైపు సున్నపురాయి గనులకు దగ్గరున్న బడులు దీన్ని వదులుకోకూడదు. ఊరి నుంచి గనికి ఎన్ని కిలోమీటర్లో రాసి, కలెక్టర్ పేరిట అర్జీ పెట్టండి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధులు). 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి, తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా యూనిట్లు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర అర్జీ ఇస్తే సెక్యూరిటీ గదిలోనే ఉండిపోతుంది. హెచ్ఆర్ మేనేజర్‌నో, సీఎస్ఆర్ చూసే అధికారినో ముందుగా ఫోన్ చేసి కలవండి. డీఈఓ (జిల్లా విద్యాధికారి) అనుమతి లేఖ జతచేయండి. డబ్బు ఖాతాలో వేయమని అడగడం కన్నా "ఈ పని మీరే చేయించి ఇవ్వండి" అని అడగడం మేలు. వాళ్లకు లెక్క తేలిక, మీకు ఆడిట్ టెన్షన్ ఉండదు.

విద్యాంజలి. కేంద్ర విద్యాశాఖ పోర్టల్ ఇది. యూడైస్ కోడ్‌తో బడిని నమోదు చేసి, కావాల్సిన వస్తువును అందులో పెట్టొచ్చు. దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి. కాకపోతే దాత "మీ అవసరం ఎక్కడైనా నమోదై ఉందా?" అని అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

5. తీర్మానం చేసి, ఒక్క పేజీలో అర్జీ రాయండి

తీర్మానం లేని అర్జీ హెడ్మాస్టర్ సొంత మాట కిందే లెక్క. కమిటీ కూర్చుని, పని పేరు, అంచనా మొత్తం, ఎవరిని అడుగుతున్నామో రాసి అందరూ సంతకాలు చేయాలి. విద్యా హక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో ఆ పని ఉంటే ఇంకా బలం.

అర్జీ ఇలా ఉంటే చాలు:

"విషయం: … గ్రామ ప్రాథమిక పాఠశాలలో రెండు తరగతి గదుల స్లాబు మరమ్మతుకు నిధుల మంజూరు గురించి.

అయ్యా, మా పాఠశాల యూడైస్ కోడ్ … . పిల్లలు 86 మంది, గదులు 4. రెండు గదుల్లో పెచ్చులు ఊడిపడుతున్నందున తాళం వేశాం. అయిదు తరగతుల పిల్లలు మిగిలిన రెండు గదుల్లోనే కూర్చుంటున్నారు. పంచాయతీరాజ్ ఏఈ గారు ఈ పనికి రూ. … అంచనా వేశారు. ఈ పనికి ఇప్పటివరకు వేరే ఏ పథకం కిందా నిధులు తీసుకోలేదు. అంచనా, తీర్మానం, ఫొటోలు జతచేస్తున్నాం. పని పూర్తయిన 15 రోజుల్లో వినియోగ ధ్రువపత్రం, ఫొటోలు అందజేస్తాం."

"వేరే ఏ పథకం కిందా తీసుకోలేదు" అన్న వాక్యం, చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. ఫైలు చూసే గుమస్తాకు వచ్చే మొదటి రెండు అనుమానాలు అవే. ఊరి ఘనత, విద్య ప్రాముఖ్యం గురించి పేరాలు రాయకండి, ఎవరూ చదవరు. కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర, నంబరు వేయించుకుని తెచ్చుకోండి. కదలకపోతే ఆ నంబరుతో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో మళ్లీ అడగొచ్చు.

6. ఎప్పుడు కదలాలి

స్లాబు, గోడలు, కరెంటు పనులు వేసవి సెలవుల్లోనే చేయాలి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ 12 దాకా, అంతే గడువు. అంటే ఎస్టిమేట్ డిసెంబరుకల్లా చేతిలో ఉండాలి. సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళిక క్యాలెండరు ఏడాది మొదటి నెలల్లోనే తయారవుతుంది. కంపెనీలు మార్చిలో లెక్క ముగిస్తాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో కలిస్తే మిగిలిన డబ్బుంటే ఇప్పుడు, లేకపోతే వచ్చే ఏడాదికి మాటిస్తాయి. మే నెలలో పరుగులు పెడితే ఏడాది పోయినట్టే.

7. ఊరి దాతలు, అమెరికాలో ఉన్న మనవాళ్లు

ఊళ్లో చందాలైతే నగదు తీసుకోకండి. చెక్కో, ఖాతాకు ట్రాన్స్‌ఫరో. యూపీఐ అయినా బడి ఖాతాకే రావాలి, ఏ ఒక్కరి ఫోన్‌పేకీ కాదు. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

విదేశాల్లో ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) ఉంటే, మన ఊరి బిడ్డే అయినా, చట్టం దృష్టిలో విదేశీ దాత. ఆ డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి, బడి కమిటీకి అది ఉండదు. కాబట్టి అలాంటి దాతను ఎఫ్‌సీఆర్ఏ నమోదున్న సంస్థకు ఇవ్వమనండి, ఆ సంస్థే పని చేయించి బడికి అప్పగించాలి. సంస్థ ఆ డబ్బును బడి ఖాతాకు మళ్లించడం కుదరదు, 2020 సవరణ తర్వాత అలాంటి బదిలీకి వీల్లేదు. అడగడానికి మొహమాటపడకండి: "అన్నా, నీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టేనా?"

8. కంప్యూటర్లు, స్మార్ట్ టీవీలు: ముందు గది, తర్వాత తెర

కారే గదిలో ఐఎఫ్‌పీ (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) బిగించిన బడులున్నాయి. వానాకాలం వస్తే దానికి పాలిథీన్ కవరు కప్పి పెడతారు. ఏదైనా పరికరం ఒప్పుకునే ముందు ఈ వరసలో చూడండి:

- గది కారదు, కిటికీలకు గ్రిల్స్ ఉన్నాయి, తలుపుకు గట్టి తాళం ఉంది.
- ఎర్తింగ్ ఉంది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూపించండి. రెండు మూడు వోల్టులకు మించి ఉంటే ఎర్త్ గుంతను బాగు చేయించాలి. ఈ పని ఉపాధ్యాయులు, పిల్లలు చేయకూడదు.
- వోల్టేజీ ఎక్కువ తక్కువలుంటే స్టెబిలైజరు, లేదా యూపీఎస్.
- నెట్ కేబులును పైపులోంచి లాగించండి. కోతులు తెంపిన కేబులుకు గ్యారంటీ వర్తించదు.

2024 సెప్టెంబరులో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ఇస్తున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. బిల్లు భయంతో పరికరాలు కట్టిపెట్టాల్సిన పని లేదు. మీ మీటరు ఆ లెక్కలోకి ఎక్కిందో లేదో మాత్రం చూసుకోండి.

ఏం అడగాలి? ప్రాథమిక పాఠశాలకు ఖరీదైన ఐఎఫ్‌పీ కన్నా పెన్‌డ్రైవ్ పెట్టే వీలున్న మామూలు స్మార్ట్ టీవీ చాలనేది నా అభిప్రాయం. పాడైతే మండల కేంద్రంలోనే బాగు చేసేవాళ్లు దొరుకుతారు. దీక్ష (కేంద్రానిది), టీ-శాట్ (రాష్ట్రానిది) డిజిటల్ పాఠాలను ముందుగా దింపుకుని పెట్టుకుంటే నెట్ లేకపోయినా తరగతి నడుస్తుంది.

ఐటీ కంపెనీలు పాత కంప్యూటర్లు ఇస్తామంటే సంతోషమే, కానీ లారీ ఎక్కించే ముందు రెండు అడగండి. హార్డ్ డిస్కు ఉందా, తీసేశారా? విండోస్ 11 ఎక్కుతుందా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11 ఎక్కని పెట్టెలకు ఉబుంటు లాంటి ఉచిత లైనక్స్ వేయించి ఇమ్మనండి. లేకపోతే దాత సామాను గది ఖాళీ అవుతుంది, మీది నిండుతుంది.

కొత్తవైతే గ్యారంటీ కార్డు, బిల్లు బడి పేరుతో ఉండాలి. మూడేళ్ల సర్వీసుతో కలిపి అడగండి. దాతకు ఇప్పుడు కొంచెమే ఎక్కువ పడుతుంది, తర్వాత రిపేరుకు మీకు డబ్బు పుట్టదు.

9. పని జరిగేటప్పుడు చూడాల్సినవి

పెచ్చులు ఊడిన చోట నేరుగా ప్లాస్టరు మెత్తితే ఆపండి. వదులుగా ఉన్నదంతా కొట్టేసి, చువ్వల తుప్పును బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా మందు పూశాకే పూత వేయాలి. చువ్వ సగానికి సగం సన్నబడితే మేస్త్రీ మాట వినకండి, ఏఈని పిలవండి.

మే ఎండల్లో సిమెంటు పనికి నీళ్లు పట్టడమే ప్రాణం. కనీసం ఏడు రోజులు తడి ఆరకూడదు. గోనెసంచులు కప్పి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తడపాలి. ఈ బాధ్యతను కమిటీలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూడరు.

వాటర్‌ప్రూఫింగ్ పూర్తయ్యాక బిల్లు ఇచ్చేముందు పరీక్షించండి. గొట్టాలు మూసి, స్లాబు మీద రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి, కింద తడి మచ్చలు వస్తాయేమో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. స్లాబు బలహీనంగా ఉంటే ఈ పరీక్ష చేయకండి. రెండంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. అలాంటి చోట వాన కోసం ఆగి, కొంత డబ్బు ఆపి పెట్టడమే దారి.

బాత్రూం పనికి పరీక్ష ఇంకా సులువు. విరామం గంట కొట్టాక, పిల్లలందరూ వాడాక వెళ్లి చూడండి. అప్పుడు కూడా నల్లాలో నీళ్లొస్తుంటే పని జరిగినట్టు.

బిల్లు వస్తుందన్న నమ్మకంతో వడ్డీకి తెచ్చి పనులు చేయించకండి. అలా చేసి ఏళ్లతరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన చైర్మన్లు, సర్పంచులు మన జిల్లాల్లో తక్కువమంది లేరు. డబ్బు ఎంత విడుదలైతే అంత పనే. మిగతాది ఆగినా ఫర్వాలేదు. అందుకే ముందు స్లాబు, తర్వాత గోడ, ఆఖరున రంగు.

10. లెక్కలు

మూడు కొటేషన్లు, తీర్మానం, బిల్లు, చెల్లింపు రుజువు, పనికి ముందు, మధ్యలో, తర్వాత ఫొటోలు. ఒక్కో పనికి ఒక్కో ఫైలు. ముందు, తర్వాత ఫొటోలు ఒకే చోట నిలబడి తీయాలి, లేకపోతే అవి ఏ గదివో రెండేళ్ల తర్వాత మీకే తెలియదు. సమగ్ర శిక్ష డబ్బు మార్చి 31 దాటితే ఖర్చు పెట్టే వీలు పోవచ్చు. పీఎఫ్ఎంఎస్‌లో (ప్రభుత్వ నిధుల చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) చెల్లింపు ఆర్డరు తీసి ఊరుకోకుండా, అమ్మినవాళ్ల ఖాతాలో డబ్బు పడిందో లేదో ఫోన్ చేసి అడగండి. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా డబ్బు వెనక్కి వెళ్తుంది, మార్చి నెలాఖరులో మళ్లీ పంపే సమయం ఉండదు.

వచ్చిన ప్రతి టీవీ, కంప్యూటరు, బెంచీ అదే వారం స్టాకు రిజిస్టరులోకి ఎక్కాలి. వస్తువు మీద బడి పేరు, నంబరు పెయింటుతో రాయించండి. హెడ్మాస్టర్ బదిలీ అయినప్పుడు అప్పగింత ఈ రిజిస్టరు పట్టుకునే జరగాలి. దాతకు వినియోగ ధ్రువపత్రం, ఫొటోలు, బిల్లు కాపీ మాటిచ్చిన 15 రోజుల్లో పంపి, అందినట్టు జవాబు తెప్పించుకోండి. వచ్చే డిసెంబరులో అదే కంపెనీ దగ్గరికి రెండో ఎస్టిమేట్ పట్టుకుని వెళ్లేటప్పుడు ఆ జవాబు కాపీ పైన పెట్టండి.